పిల్లలతో షికారుకు మూడో క్రెడిట్ కార్డా?

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఐదేళ్లు, పాపకు రెండున్నర. ఇంట్లో సంపాదన నా ఒక్కడిదే. వారమంతా పిల్లలతో గడపడం కుదరక, నెలకోసారి ఒక రోజంతా సిటీలో తిప్పుతాం. పొద్దున పార్కు, తర్వాత మ్యూజియం, మధ్యాహ్నం మాల్, గేమ్ జోన్, కుదిరితే సాయంత్రం సినిమా. హాయిగా గడపాలనే వెళ్తాం కానీ ఇంటికొచ్చేసరికి పిల్లల ఏడుపులు, మా ఇద్దరికీ చిరాకు. ఖర్చంతా రెండు క్రెడిట్ కార్డుల మీదే. ఒకదానికి నాలుగు నెలలుగా మినిమమ్, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కడుతున్నాను. పోయిన నెల పాప ఆడుకుంటూ పడింది, గడ్డం కింద కుట్లు పడ్డాయి. చేతిలో డబ్బు లేక లోన్ యాప్‌లో తీసుకున్నాను. ఇప్పుడు టికెట్లు, రెస్టారెంట్ల మీద 10 శాతం డిస్కౌంట్ ఇచ్చే కొత్త కార్డు ఆఫర్ వచ్చింది. దాని మీద గేమ్ జోన్ ఏడాది పాస్ ఈఎంఐలో తీసుకుంటే నెల ఖర్చు తగ్గుతుందని లెక్క వేశాను. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. కార్డూ వద్దు, పాసూ వద్దు.

ఇంతటితో ఆపేయొచ్చు. కానీ చిన్నపిల్లలున్న ఇళ్ల నుంచి నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. ఏ కార్డు మంచిది, ఏ ఆఫర్ లాభం అని పేరా నిండా అడుగుతారు. చేతిలో చిల్లిగవ్వ లేదన్న సంగతి మాత్రం మధ్యలో ఎక్కడో అలా వచ్చి వెళ్లిపోతుంది. మీ ఉత్తరంలో 'చేతిలో డబ్బు లేక' అని రాశారు చూడండి, నేను జవాబు రాస్తున్నది ఆ మూడు మాటలకే.

నాలుగు కుట్లు వేయించే ఖర్చు ఏ ఇంటికైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. రెండున్నరేళ్ల పిల్ల పడకుండా పెరగదు. ఆ కాస్త ఖర్చుకే అప్పు చేయాల్సి వచ్చిందంటే, రేపు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే? మీ ఉద్యోగానికే ఏదైనా అయితే? అప్పుడు ఇంట్లో రెండో జీతం కూడా లేదు. షికారు ఖర్చు గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఎమర్జెన్సీ ఫండ్, అంటే అనుకోని కష్టానికి పక్కన పెట్టుకునే డబ్బు సంగతి తేల్చండి.

ఎంత ఉండాలి? మామూలుగా 6 నెలల ఇంటి ఖర్చు అంటాం. ఒక్కరి సంపాదన మీద నలుగురు బతికే ఇంటికి నేను 9 నెలలు చెబుతాను. జీతానికి కాదు, ఖర్చుకు లెక్క వేయాలి. అద్దె, సరుకులు, స్కూలు ఫీజు, మందులు, కట్టాల్సిన వాయిదాలు, ఇన్సూరెన్స్ ప్రీమియం. అవన్నీ ఒక కాగితం మీద రాసి కూడండి. ఆ మొత్తం చూసి గుండె గుభేలుమంటుంది, తెలుసు. నెల ఖర్చులో 10 శాతం చొప్పున పక్కన పెడితే, ఒక్క నెల ఫండ్ కూడడానికే 10 నెలలు. ఆరు నెలలదానికి ఐదేళ్లు. అంతవరకూ ఇంటికి ఏ కష్టమూ రాకుండా ఎవరాపుతారు? అందుకే ఆ 10 శాతం చాలదు. ఇప్పుడు షికార్లకు పోతున్నది కూడా అందులో వేయాలి. బోనస్ వస్తే అది నేరుగా అక్కడికే వెళ్లాలి.

ఈ డబ్బు మీరు రోజూ వాడే ఖాతాలో ఉంచొద్దు. వేరే బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడే దానంతటదే అక్కడికి వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. ఫోన్‌తో చెల్లించే యాప్‌లకు ఆ ఖాతాను కలపకండి. దాని డెబిట్ కార్డు మీ శ్రీమతి దగ్గర ఉంచండి. ఒక నెల ఖర్చు దాటాక మిగతాది ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్‌లో పెట్టుకోవచ్చు. వడ్డీ తక్కువని బాధపడకండి, ఈ డబ్బు పని లాభం తేవడం కాదు.

'అప్పుల వడ్డీ అంత ఉంటే ముందు అవి తీర్చాలి కదా' అంటారు. లెక్క ప్రకారం నిజమే. అయినా నేను ముందు ఒక నెల ఖర్చు పోగేయమనే అంటాను. అది కూడా లేకపోతే తర్వాత వచ్చే కుట్లో జ్వరమో మళ్లీ కార్డు మీదికే వెళ్తుంది, మీరు తీర్చింది తీర్చినట్టే తిరిగొస్తుంది. ఈలోపు కార్డు మినిమమ్, యాప్ వాయిదా తప్పకుండా కడుతూ ఉండండి. ఒక నెలది కాగానే మొదట లోన్ యాప్ బాకీ, తర్వాత మినిమమ్ కడుతున్న కార్డు, ఆ తర్వాతే మళ్లీ ఫండ్ నింపడం.

ఇక ఆ కార్డు. నెలకు 3 శాతం వడ్డీ, 5 శాతం మినిమమ్ అనుకుందాం. 100 బాకీ ఉంటే మీరు 5 కడతారు, అందులో 3 వడ్డీకే పోతాయి. కొత్తగా ఏమీ కొనకపోయినా మూడేళ్ల తర్వాత సగానికి దగ్గరగా బాకీ అలాగే ఉంటుంది. బాకీ ఉన్న కార్డుతో కొంటే చాలా కార్డుల్లో కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, మామూలుగా వడ్డీ లేకుండా ఇచ్చే గడువేమీ ఉండదు. 10 శాతం డిస్కౌంట్ అంటున్నారు. 100 వస్తువు 90కి కొని, బాకీ పెట్టి, నెలకు 3 శాతం కడితే నాలుగో నెలలోనే ఆ పది వడ్డీకి పోయాయి. మీరేమో ఇప్పటికే నాలుగు నెలలుగా మినిమమ్ కడుతున్నారు!

లోన్ యాప్ గురించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు. ఫీజు ముందే కోసుకుని చేతికి తక్కువ ఇస్తారు, వడ్డీ మాత్రం మొత్తానికి వేస్తారు. పిల్లకు దెబ్బ తగిలిన టెన్షన్‌లో ఎవరూ షరతులు చదవరు, వాళ్లకు కావలసిందీ అదే.

పాస్ గురించి ఒక్క మాట. ఎన్నిసార్లు వెళ్తే గిట్టుబాటు అవుతుందో లెక్క వేశారు, జలుబులు, జ్వరాలు, పరీక్షలు పోగా ఎన్నిసార్లు వెళ్లగలరో వేయలేదు.

ఇప్పుడు షికారు. మానేయమని నేను అనను. కానీ పోయిన నెల బిల్లులు తీసి వాటి మీద టైము చూడండి. నా అనుమానం, పెద్ద ఖర్చులన్నీ మధ్యాహ్నం తర్వాతవే అయి ఉంటాయి. మీ పాప వయసు పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఆ పగటి నిద్ర మాల్‌లో ఎగిరిపోయాక మీరు కొనేవన్నీ ఏడుపు ఆపడానికి కొనేవే. బొమ్మ, ఇంకో రైడ్, ఎవరూ పూర్తిగా తినని భోజనం. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, ఇద్దరు పిల్లలతో ఇలాగే తిరిగి, ఆటోలో ఇంటికొస్తూ భార్యాభర్తలం మాట్లాడుకోకుండా కూర్చున్న రోజులున్నాయి.

ఒక రోజుకు ఒక్క చోటు చాలు. తలుపులు తీసే వేళకు వెళ్లండి, అప్పుడు క్యూలు ఉండవు. పాప నిద్ర టైముకు ఇంట్లో ఉండేలా బయల్దేరండి. నీళ్లు, తినడానికి ఏదైనా, ఒక జత బట్టలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. వెళ్లేది బస్సులో అయితే మరీ మంచిది, ఈ వయసు పిల్లలకు కిటికీ పక్క సీటే సగం షికారు. చాలా మ్యూజియాల్లో చిన్నపిల్లలకు టికెట్ ఉండదు, ఉచితంగా తెరిచే రోజులు కూడా ఉంటాయి, ముందే కనుక్కోండి. ఆ రోజు ఖర్చు నోట్లుగా కవర్లో పెట్టుకుని, క్రెడిట్ కార్డులు ఇంట్లో వదిలి వెళ్లండి. కవర్లో కొంచెం బాబు చేతికిచ్చి, ఏదైనా ఒకటి వాడినే ఎంచుకోమనండి. ఎమర్జెన్సీ ఖాతా డెబిట్ కార్డు మీ శ్రీమతి పర్సులో ఉంటుంది, దాన్ని తీయాల్సింది ఎవరికైనా దెబ్బ తగిలితేనే.

టర్మ్ ఇన్సూరెన్స్ (సంపాదించే మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే బీమా), కుటుంబానికంతా ఆరోగ్య బీమా ఉన్నాయో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. పిల్లల పేరు మీద మదుపు, ఇతర పథకాలు అప్పులు తీరాక చూద్దాం.

లోన్ యాప్ బాకీ కట్టేసిన రోజు, అప్పు పూర్తిగా తీరిందని రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి. మీ కాంటాక్ట్‌లు, ఫొటోలు చూసేందుకు ఇచ్చిన అనుమతులు రద్దు చేసి, అప్పుడు ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి.