పక్షవాతం వచ్చిన చేతికి బంతి నొక్కించడం చాలదు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఇప్పుడు కొంచెం కదుపుతున్నారు. రోజూ నూనెతో మర్దన చేసి, రబ్బరు బంతి 200 సార్లు నొక్కిస్తున్నాం. భుజం నొప్పి అంటున్నారు. బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్రలు ఆపాం. బంతి ఇంకా ఎన్నిసార్లు నొక్కించాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బంతి కన్నా ముందు మాత్రల సంగతి చూడాలమ్మా. బీపీ నార్మల్‌కి వచ్చింది ఆ మాత్రల వల్లే కావచ్చు. ఆపితే మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు పెరుగుతుంది. ఇవాళే మీ డాక్టర్‌ని కలవండి. రక్తం పలచబరిచే మాత్ర కూడా ఆపి ఉంటే దాచకుండా చెప్పండి.

ఇక భుజం. లేపేటప్పుడు ఆ చేయి పట్టి లాగకండి, చంక కింద చేయి వేసి ఎత్తకండి. కండరాలు బలహీనపడితే కీలు జారుతుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు ఉండాలి.

ఈ దశలో చాలామందికి పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది, కష్టమంతా వేళ్లు తెరవడంలోనే. బంతి బిగింపునే సాధన చేయిస్తుంది. మర్దన హాయిగా ఉండొచ్చు గానీ మెదడుకు పని నేర్పదు. ఆయనే ప్రయత్నించి, తప్పి, సరిచేసుకుంటేనే కదలిక వస్తుంది.

బల్ల మీద ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పెట్టండి. చేయి చాచి, వేళ్లు తెరిచి, పట్టుకుని, అంగుళం ఎత్తి, పక్కన పెట్టి వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం ఆ వదలడమే. పదిసార్లు చేశాక రెండు నిమిషాల విశ్రాంతి. ఓపికను బట్టి పూటకు నాలుగైదు విడతలు. పదిలో ఎనిమిది సరిగ్గా వస్తే గ్లాసులో కాసిని నీళ్లు పోయండి, దూరం మార్చండి. తర్వాత చొక్కా గుండీలు, ఇడ్లీ తుంచడం. భుజం పైకి ఎగరేస్తున్నా, నడుము ముందుకు వంచేస్తున్నా గ్లాసు దగ్గరికి జరపండి. లేకపోతే ఆ తప్పు పద్ధతే అలవాటవుతుంది. తడబడగానే మీరు అందుకోకండి. పది లెక్కపెట్టి, ఆగిపోయిన చోట మాత్రమే సాయం చేయండి.

రెండు నెలలైనా మీ ఉత్తరంలో ఫిజియోథెరపిస్టు మాటే లేదు! కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుంది. ఆ తర్వాతా మెరుగుదల ఉంటుంది గానీ నెమ్మదిగా. ఈ వారమే చూపించండి. మంచి చేతికి తొడుగు వేసి పడిపోయిన చేతితోనే పని చేయించే పద్ధతీ ఉంది. మణికట్టు, వేళ్లు కాస్తయినా సొంతంగా పైకి లేస్తేనే అది పనికొస్తుంది. దాన్ని ఇంట్లో మీరే మొదలుపెట్టకండి, పడిపోయే ప్రమాదం ఉంది.

నేను చూడకుండా చెబుతున్నాను కాబట్టి ఏ వ్యాయామంతోనైనా నొప్పి పెరిగితే ఆపి, మీ డాక్టర్‌ని అడగండి. మూతి వంకర, మాట తడబాటు, కొత్తగా నీరసించిన కాలో చేయో కనిపిస్తే మర్దనలు, పసర్లు అంటూ ఆగకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.