హెడ్ ఫేసింగ్ చేయించాక ఎగ్జాస్ట్ వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య 1.1 మి.మీ. సరిపోతుందా?

మీ ఇంజిన్ పాత పుష్‌రాడ్ సింగిల్, అంటే పొడవాటి కడ్డీలు వాల్వుల్ని తెరిపించే ఒకే సిలిండర్ ఇంజిన్. వాల్వులు నిలువుకి 30 డిగ్రీల వాలులో ఉన్నాయి. హెడ్ అడుగు తలాన్ని 0.5 మి.మీ. కోయించి చదును (ఫేసింగ్) చేయించారు, హై కంప్రెషన్ పిస్టన్ వేశారు. పిస్టన్ మీద క్లే పెట్టి, వాల్వుల కింద అది ఎంత పల్చగా నలిగిందో చూస్తే ఇన్లెట్ 1.6, ఎగ్జాస్ట్ 1.1 వచ్చాయి. చేత్తో తిప్పితే ఎక్కడా తగలట్లేదు కాబట్టి బిగించేయొచ్చా అని అడుగుతున్నారు.

వద్దండీ. చేత్తో తిప్పినప్పుడు తగలకపోవడం వేరు, 5,000 ఆర్‌పీఎంలో తగలకపోవడం వేరు. ఇలాంటి ఇంజిన్‌కి ఇన్లెట్ దగ్గర కనీసం 1.5, ఎగ్జాస్ట్ దగ్గర 2 మి.మీ. ఉండేలా చూసుకోవాలి.

ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే, ఓవర్‌ల్యాప్‌లో (రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉండే సమయంలో) ఆ వాల్వ్ మూసుకుంటూ పైకి పోతుంటే పిస్టన్ దాన్ని వెనక నుంచి తరుముతూ వస్తుంది. స్ప్రింగ్ నీరసించి వాల్వ్ కాస్త ఆలస్యమైతే పిస్టన్ గుద్దేస్తుంది. ఇన్లెట్ దగ్గర పిస్టన్ ముందు దిగిపోతుంటే వాల్వ్ దాని వెంట వెళ్తుంది కాబట్టి అంత ప్రమాదం లేదు. పైగా ఎగ్జాస్ట్ వాల్వ్ ఎక్కువ వేడెక్కుతుంది, కాడ సాగుతుంది.

అయితే ముందు ఆ 1.1 నిజమో కాదో తేల్చుకోండి. పిస్టన్ తల మీద నూనె లేకుండా తుడిచి, పిల్లలు ఆడుకునే క్లేని 5 మి.మీ. మందంలో పాకెట్ (వాల్వ్ కోసం పిస్టన్ తలలో ఉండే గుంట) నిండా, దాని అంచులు దాటేలా నొక్కండి. నూనె రాయాల్సింది వాల్వ్ ముఖాలకి. లేకపోతే క్లే వాటికి అంటుకుని అచ్చు చిరిగిపోతుంది. గ్యాస్కెట్ అదే రకంది, ఒకసారి బిగించి నలిగినది వాడండి. కొత్తది నలగకముందు మందంగా ఉంటుంది, లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. హెడ్ బోల్టులన్నీ పూర్తి టార్క్‌తో, ఎదురెదురుగా బిగించండి. టాపెట్లు (వాల్వ్ గ్యాప్ సర్దే చోటు) ఈ పరీక్షకి సున్నా గ్యాప్‌లో పెట్టండి. వదులుగా ఉంటే వాల్వ్ ఆ మేరకు తక్కువ తెరుచుకుని, లేని గ్యాప్ ఉన్నట్టు కనిపిస్తుంది.

ప్లగ్ తీసేసి, క్రాంక్ నట్ మీద స్పానర్‌తో, ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పండి. కిక్ కొట్టొద్దు. గట్టిగా అడ్డుకుంటే అక్కడే ఆపండి. హెడ్‌ని నిటారుగా ఎత్తి, తడి బ్లేడుతో అచ్చుని అడ్డంగా కోసి, వెర్నియర్ డెప్త్ రాడ్‌ని నొక్కకుండా ఆనించి కొలవండి. అన్నిటికంటే పల్చని చోటే మీ లెక్క. అది చాలాసార్లు మధ్యలో కాక వాల్వ్ అంచు కింద దొరుకుతుంది.

క్లే మీద నమ్మకం చాలకపోతే డయల్ గేజ్ ఉంది. మెత్తని స్ప్రింగులు వేసి, డిగ్రీ డిస్క్ (క్రాంక్ ఎంత తిరిగిందో చూపే చక్రం) పెట్టి, టీడీసీకి (పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే స్థానానికి) 20 డిగ్రీల ముందు నుంచి 20 డిగ్రీల తర్వాత వరకు రెండేసి డిగ్రీలకి ఆగుతూ వాల్వ్‌ని పిస్టన్‌కి తగిలే దాకా చేత్తో నొక్కి చూడండి. అతి దగ్గరగా వచ్చేది సరిగ్గా టీడీసీలో కాదు. ఎగ్జాస్ట్ సుమారు 10–15 డిగ్రీల ముందు, ఇన్లెట్ అంతే తర్వాత. టీడీసీలో మాత్రమే కొలిచి సరిపెట్టుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

క్యామ్ (వాల్వుల్ని తెరిపించే షాఫ్ట్) మార్కులు కూడా చూడండి. 40 పళ్ల క్యామ్ గేర్‌లో ఒక్క పన్ను తప్పితే క్రాంక్ దగ్గర 18 డిగ్రీలు. క్యామ్ వెనకబడితే ఎగ్జాస్ట్ గ్యాప్ తగ్గి ఇన్లెట్ గ్యాప్ పెరుగుతుంది. మార్కులు సరిగ్గా ఉంటే మాత్రం క్యామ్‌ని ముందుకు జరిపి ఎగ్జాస్ట్‌ని కాపాడుకునే దారి మీకు లేదు. ఇన్లెట్‌లో మిగులు 0.1 మాత్రమే.

30 డిగ్రీల వాలులో 0.5 ఫేసింగ్ తినేది దాదాపు 0.43. అంటే ఫేసింగ్‌కి ముందు కూడా ఈ పిస్టన్‌తో మీకు ఉండేది 1.53 మాత్రమే. కాబట్టి అసలు లోటు పిస్టన్ పాకెట్‌లోనో, కొత్త సీటు (వాల్వ్ ఆనుకుని మూసుకునే రింగు) వేయించి ఉంటే వాల్వ్ పిస్టన్ వైపు పొడుచుకు రావడంలోనో ఉంది. బోరు కింద 1 మి.మీ. ప్లేటు వేస్తే 0.87 తిరిగొస్తుంది గానీ కంప్రెషన్ పోతుంది, స్క్విష్ (పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య ఉండే సన్నని సందు) పాడవుతుంది, పుష్‌రాడ్లు పొడుగు చేయించాలి. నేనైతే ఆ పని చేయను. వాల్వ్‌ని సీటులోకి దించడం అసలే వద్దు.

ఎగ్జాస్ట్ పాకెట్‌ని 1 మి.మీ. లోతు చేయించండి. ముందు పిస్టన్ తల మందం లోపలి నుంచి కొలవండి. కోశాక పాకెట్ కింద 5 మి.మీ. మిగలకపోతే ఆ పిస్టన్ వదిలేయడమే. కోత వాల్వ్ వాలులోనే ఉండాలి, వాల్వ్ చుట్టూ కనీసం 1.25 మి.మీ. ఖాళీ రావాలి. లోతు సరిపోయి పక్క గోడకి వాల్వ్ రాసుకున్నా కాడ వంగుతుంది. క్లే అచ్చులో వాల్వ్ గుర్తుకీ పాకెట్ గోడకీ మధ్య దూరం చూస్తే ఇది తెలిసిపోతుంది. కోసిన అంచుల్ని సన్నని ఎమరీతో గుండ్రంగా చేయండి. పదునుగా వదిలేస్తే ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే మంట అంటుకుంటుంది.

తర్వాత క్లే పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. ఓవర్‌ల్యాప్‌లో రెండు వాల్వుల అంచుల మధ్య గ్యాప్ కూడా అప్పుడే చూసుకోండి. ఇలా వాలుగా ఎదురెదురుగా ఉండే వాల్వులు ఒకదాన్నొకటి కొట్టుకోవచ్చు, ఆ సంగతి క్లేలో కనిపించదు.