చేప పొలుసుల వెండి రంగు స్పిరిట్‌లో దిగకపోవడం గురించి

అక్కా, పాప ప్రాజెక్టు కోసం కర్నూలు మార్కెట్ నుంచి తెచ్చిన బొచ్చె పొలుసులను రెండు రోజులు స్పిరిట్‌లో నానబెట్టినా వెండి రంగు దిగలేదన్నారు. టెన్షన్ వద్దు, ప్రయోగంలో తప్పేమీ లేదు. అది అసలు రంగు పదార్థమే కాదు.

ఆ మెరుపు గ్వానిన్ స్ఫటికాలది. మన డీఎన్‌ఏలో ఉండే గ్వానినే! చేప చర్మంలోని కొన్ని కణాలు దాన్ని చిన్న పొర సంచుల్లో పలుచటి పలకలుగా పెంచుతాయి. పలక, కణద్రవం, మళ్లీ పలక, ఇలా దొంతరలు. పలక వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే కొలత) సుమారు 1.83, ద్రవానిది 1.33 దగ్గర. ఆ తేడా వల్ల ప్రతి పొర దగ్గరా కొంత వెలుతురు వెనక్కి తిరుగుతుంది. పొరల మందం, ఎడం రకరకాలుగా ఉంటే అన్ని రంగులూ కలిసి వెండిలా, ఒకేలా ఉంటే ఒక్క రంగే మెరుస్తుంది. ప్యాంథర్ అనే జాతి ఊసరవెల్లి ఈ స్ఫటికాల మధ్య ఎడం పెంచడం వల్లే ఆకుపచ్చ నుంచి పసుపుకి మారుతుందని 2015లో జెనీవా పరిశోధకులు చూపించారు.

గ్వానిన్ నీళ్లలో, స్పిరిట్‌లో దాదాపు కరగదు. అందుకే స్పిరిట్ పారబోయండి. పొలుసు లోపలి వైపు, చర్మం అడుగున మొండి కత్తితో గీకి, ఆ తెల్లటి జిగురును నీళ్ల సీసాలో వేసి ఊపి ఎండలో పట్టండి. పట్టుచీరలా చారలు కదులుతాయి. వాసన మాత్రం ఇల్లంతా ఉంటుంది, మేడ మీద చేయించండి.