ప్యాడ్లు మార్పించాక కూడా బ్రేక్ పెడల్ మెత్తగా ఎందుకు దిగుతోంది?

ఎక్కువసార్లు కారణం బ్రేక్ ఆయిల్ లైన్లో చేరిన గాలి. ఒత్తితే బ్రేక్ ఆయిల్ కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది.

బండి ఆపి పెడల్ నాలుగైదుసార్లు గబగబా తొక్కండి. గట్టిపడితే గాలి, లేదా వెనక చక్రాల బ్రేక్ డ్రమ్ముల్లో షూలు (డ్రమ్మును లోపల్నుంచి ఒత్తే పట్టీలు) వదులు. తొక్కిపట్టినా మెల్లగా జారిపోతోందా? లీకు కనబడకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లోకి నెట్టే భాగం) సీళ్లను అనుమానించాలి.

గాజువాకలో ఒక మెకానిక్ నాకు "వాడేకొద్దీ సెట్ అవుతుంది సార్" అని చెప్పాడు. గాలి దానంతటదే పోదు! తీరా చూస్తే వెనక చక్రం బ్లీడర్ నిపుల్ (లైన్లో గాలి బయటికి వదిలే మర) చుట్టూ ఆయిల్ తడి, దుమ్ము అంటుకుని నల్లగా.

నాలుగు చక్రాలూ బ్లీడ్ చేయించి, అంటే గాలి తీయించి, ఆయిల్ కొత్తది పోయించండి. బ్రేక్ ఆయిల్ వాడుతుంటే తేమ పీలుస్తుంది, దాంతో తక్కువ వేడికే మరిగిపోతుంది. డాట్ 4 రకం ఆయిల్ కనీస మరుగు స్థానం కొత్తలో 230 డిగ్రీలు, తేమ పడితే 155. బ్లీడ్ చేయించేదాకా సింహాచలం ఘాట్ మాట అటుంచి, వీధి చివరికి కూడా తీయకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి.