స్టీల్ కంపెనీలు కాలుష్య నిబంధనల మీద కేసులు వేస్తే, ఆ కేసుల్లో రాజీ అంటే అసలు ఏం జరుగుతుంది?

అమెరికాలో స్టీల్ కంపెనీలు గాలి కాలుష్య నిబంధనల మీద కోర్టుకెళ్తే అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లతో రాజీకొస్తుందట, ఇది లోపాయికారీ వ్యవహారం కాదా, రేపు మన విశాఖలో అలాంటిది జరిగితే మనకు తెలుస్తుందా అని అడిగారు. నేను వకీలును కాను. గాజువాక చుట్టుపక్కల ఫ్యాక్టరీల చిమ్నీలెక్కి పొగ శాంపిళ్లు తీసే ల్యాబ్‌లో ఉద్యోగం మొదలుపెట్టి, తర్వాత ఒక ప్రైవేటు ఉక్కు యూనిట్ ఎన్విరాన్‌మెంట్ సెల్‌లో పనిచేసి రిటైరయ్యాను. హియరింగులకు ఫైళ్లు మోసుకెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నవాణ్ని. అక్కడి నుంచి ఏం కనిపించిందో అది చెబుతాను.

రాజీ పడటమే తప్పని నేననను. కాగితంలో ఏం రాశారు, సంతకానికి ముందు దాన్ని ఎవరు చూశారు అన్నవి చూస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది.

ముందు అమెరికా సంగతి. అక్కడ ఈపీఏ దేశం మొత్తానికి వర్తించే గాలి నిబంధన ఒకటి తెస్తే, నచ్చనివాళ్లు 60 రోజుల్లోగా వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ అప్పీల్ కోర్టుకు వెళ్లాలి. కంపెనీలూ వెళ్తాయి, పర్యావరణ సంఘాలూ వెళ్తాయి. కేసు వేశాక ఇరుపక్షాలు మాట్లాడుకుని, ‘కొంతకాలం కేసు పక్కన పెట్టండి’ అని కోర్టును అడగడం మామూలే. ఆ మాటల్లో ఒప్పందం కుదిరితే అందులో సాధారణంగా ఏముంటుందంటే, ఫలానా తేదీలోగా ఈపీఏ నిబంధనకు సవరణ ప్రతిపాదించాలి, ఫలానా తేదీలోగా తుది నిర్ణయం మీద సంతకం పెట్టాలి. ఆ నిర్ణయం అనుకున్నట్టే ఉంటే కంపెనీ కేసు వదులుకుంటుంది. లేకపోతే మళ్లీ కోర్టు మెట్లెక్కుతుంది. తుది నిబంధన ఇలాగే ఉంటుందని ఈపీఏ ముందే మాటివ్వడానికి లేదు, ఎందుకంటే మధ్యలో జనం అభిప్రాయాలు వినాలి.

అసలు విషయం ఇంకొకటుంది. వాళ్ల క్లీన్ ఎయిర్ యాక్ట్‌లో 113(జి) అని ఒక సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద ఈపీఏ చేసుకునే ఇలాంటి ఒప్పందాన్ని ముందుగా వాళ్ల గెజెట్‌లో ప్రకటించి కనీసం 30 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలి. వచ్చిన అభిప్రాయాలు చూసి ఒప్పందం సరికాదనిపిస్తే ప్రభుత్వం వెనక్కి తగ్గొచ్చు కూడా. అంటే జనానికి రెండు అవకాశాలు: ఒకటి ఒప్పందం మీద, ఇంకొకటి ఆ ఒప్పందం వల్ల వచ్చే సవరణ మీద. అందుకని దాన్ని పూర్తిగా లోపాయికారీ అనలేం. అయినా అనుమానాలు అక్కడా ఉన్నాయి. పర్యావరణ సంఘాలతో ఈపీఏ కావాలనే కేసులు వేయించుకుని రాజీ పడుతోందని కంపెనీలు గోల చేస్తే, 2017లో అప్పటి ఈపీఏ అధిపతి స్కాట్ ప్రూయిట్ ఇలాంటి రాజీలకు పగ్గాలు వేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. 2022లో తర్వాత వచ్చినవాళ్లు దాన్ని తీసేశారు. ఎవరు అధికారంలో ఉంటే అవతలివాళ్లకు రాజీ అంటే మంట.

నిజానికి ప్రభుత్వానికి మనసుంటే రాజీ కాగితం కూడా అక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో ఈపీఏ పెద్ద ఉక్కు కర్మాగారాల మీద నిబంధనలు బిగించింది. స్లాగ్ (ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం) గుంతల నుంచి లేచే ధూళి, బ్లాస్ట్ ఫర్నేస్ పైభాగం నుంచి లీకయ్యే పొగ, లోపల ఒత్తిడి పెరిగితే గ్యాస్ బయటికి వదిలే బ్లీడర్ వాల్వులు ఉన్నట్టుండి తెరుచుకోవడం, ప్రహరీ గోడ దగ్గర గాలిలో క్రోమియం కొలవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2025లో ప్రభుత్వం మారాక, కోర్టు తీర్పు కోసం ఆగకుండా, ముందు అభిప్రాయాలు అడక్కుండా, తాత్కాలిక నిబంధన ఒకటి తెచ్చి గడువులను 2027 ఏప్రిల్‌కు జరిపేశారు. దీనితో పోలిస్తే 30 రోజులు జనం ముందు పెట్టే రాజీయే నయం అనిపిస్తుంది నాకు.

ఉక్కు రంగంలో బేరం కుదరడం కొత్తేమీ కాదు. 1981లో వాళ్ల స్టీల్ పరిశ్రమ నష్టాల్లో ఉందని అమెరికా ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, కాలుష్య నిబంధనలు పాటించడానికి 1982లో ముగియాల్సిన గడువును 1985 దాకా పొడిగించింది. కానీ ఊరికే ఇవ్వలేదు. కాలుష్య పరికరాల మీద ఇప్పుడు పెట్టకుండా మిగిలించుకున్న డబ్బును ప్లాంటు ఆధునికీకరణలో పెట్టాలి, ఆ సంగతి కోర్టు డిక్రీలో రాసివ్వాలి. గడువు కావాలంటే డబ్బు ఎక్కడ పెడతావో చెప్పు అన్నమాట. నాకు నచ్చిన బేరం ఇది. 1993లో వచ్చిన కోక్ ఓవెన్ల (బొగ్గును కాల్చి కోక్ చేసే పొయ్యిల) నిబంధనను కూడా కంపెనీలు, కార్మిక సంఘం, పర్యావరణ సంఘాలు, ఈపీఏ కలిసి కూర్చుని తేల్చుకున్నారు. ఎన్ని ఓవెన్ తలుపులు లీకవుతున్నాయో శిక్షణ పొందిన మనిషి రోజూ ఆ ఓవెన్ల వరస పొడవునా నడిచి లెక్కపెట్టాలని అందులో రాశారు. రోజూ లెక్క అన్నచోట మాయ చేయడం కష్టం.

ఎక్కడ కొలుస్తారన్నది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నేను చేసిన పని స్టాక్ మానిటరింగ్. మంకీ ల్యాడర్ పట్టుకుని చిమ్నీ సగం ఎత్తులో ఉండే ప్లాట్‌ఫాం దాకా ఎక్కాలి. పోర్ట్‌హోల్ మూత తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని విప్పడానికే సగం ప్రాణం పోతుంది. లోపలికి ప్రోబ్ దింపి, పొగ ఎంత వేగంతో వెళ్తోందో అదే వేగంతో గాలి లాగాలి. లేకపోతే బరువు తప్పు వస్తుంది. ధూళి అంతా థింబుల్ అనే చిన్న ఫిల్టర్ గొట్టంలో పడుతుంది. దాన్ని డెసికేటర్‌లో ఆరబెట్టి ముందూ వెనకా తూకం వేస్తే, ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తేలుతుంది. మామూలు హద్దు 150. మేం తీసిన రోజున చాలా చోట్ల దానికి బాగా తక్కువే వచ్చేది. రిపోర్టు శుభ్రం. కానీ కిందికి దిగి చూస్తే ప్యాంటు మీద, హెల్మెట్ మీద నల్లగా బూడిద.

ఒక యూనిట్‌లో మాతో పైకొచ్చిన ముసలి ఫిట్టర్ ఒకాయన, ‘బాబూ, పొగ గొట్టంలోంచే వస్తాదని మీకెవులు సెప్పారు? ఆ షెడ్డు కప్పు సూడండి’ అన్నాడు. చూస్తే నిజమే. ఫర్నేస్‌లో స్క్రాప్ వేసినప్పుడల్లా, ట్యాపింగ్ చేసినప్పుడల్లా (అంటే కరిగిన లోహం బయటికి తీసినప్పుడల్లా) షెడ్డు నెత్తి మీదున్న వెంటిలేటర్ల నుంచి ఎర్రటి పొగ కమ్ముకుంటూ లేస్తోంది. దానికి పోర్ట్‌హోల్ లేదు, థింబుల్ లేదు, మా రిపోర్టులో గడి కూడా లేదు. అమెరికాలో ఇలాంటి కప్పు పొగను కంటితోనే కొలుస్తారు. శిక్షణ పొంది పరీక్ష పాసైన మనిషి సూర్యుణ్ని వీపు వెనక ఉంచుకుని నిలబడి, ప్రతి 15 సెకన్లకు ఒకసారి పొగ ఎంత శాతం వెలుతురును ఆపుతోందో రాసుకుంటాడు. ఫర్నేస్ షెడ్డుల నుంచి వచ్చే పొగకు 20 శాతం హద్దు వాళ్లకు 2003 నుంచే ఉంది. అక్కడి కేసుల్లో కంపెనీలు గట్టిగా పట్టుబట్టేది కూడా చిమ్నీ దగ్గర కాదు, ఈ కప్పుల దగ్గర, గుంతల దగ్గర, వాల్వుల దగ్గర.

ఇక మన దగ్గరికొద్దాం. మనకూ ఇలాంటి ఒప్పందం ఒకటి ఉంది, పేరే వేరు. 2003 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కలిసి 17 రకాల పరిశ్రమలతో ఒక చార్టర్ రాసుకున్నాయి, క్రెప్ అంటారు. పెద్ద ఉక్కు కర్మాగారాలూ అందులో ఉన్నాయి. స్టీల్ మెల్టింగ్ షాపుల్లో ఇలా కప్పుల్లోంచి లేచే పొగను 2004 మార్చికి 30 శాతం, 2008 మార్చికి 100 శాతం తగ్గించాలని అందులో ఉంది. నూరు శాతం! మెల్టింగ్ షాపులో ఒక్క షిఫ్టు నిలబడ్డవాడెవడైనా ఆ అంకె చూస్తే నవ్వుతాడు. పైగా ఎప్పటి పొగతో పోల్చి 30 శాతం, ఎవరు కొలుస్తారు, ఎలా కొలుస్తారు? తలుపుల లీకేజీలా లెక్కపెట్టగలిగే అంకె రాస్తే ఇన్‌స్పెక్టర్‌కు పట్టు దొరుకుతుంది.

మన విశాఖకు మరీ అవసరం ఇది. అటు యారాడ కొండ, ఇటు సింహాచలం, కైలాసగిరి కొండలు, మధ్యలో పోర్టు, రిఫైనరీ, ఫ్యాక్టరీలు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, పైకి లేచింది పైకి పోదు. 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు విశాఖకు 70.82 వచ్చి, తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పడింది. మరుసటి ఏడాది కొత్త పరిశ్రమల మీద కొంతకాలం నిషేధం కూడా పెట్టారు. అలాగని డాబా మీద నల్లటి బూడిద కనబడగానే స్టీల్ వాళ్ల మీద పడిపోకండి. కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని దాని మీద ఆడించి చూడండి. అంటుకున్నదాంట్లో ఇనుముంది, మిగిలింది బొగ్గో మట్టో కావచ్చు. కోర్టులో ఇది సాక్ష్యం కాదు గానీ, ఫిర్యాదు ఎవరి మీద రాయాలో కొంత అంచనా దొరుకుతుంది.

అమెరికాలోలా ‘రాజీ ఒప్పందం, 30 రోజుల ప్రకటన’ అనే ఏర్పాటు మన 1981 గాలి చట్టంలో లేదు. మన దగ్గర రాజీ కోర్టులో కాదు, హియరింగ్ గదిలో జరుగుతుంది. ఫిర్యాదు వస్తుంది, తనిఖీ జరుగుతుంది, షోకాజ్ వస్తుంది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి టాస్క్‌ఫోర్స్ కమిటీ ముందు పర్సనల్ హియరింగ్. కంపెనీవాళ్లు ఏడాదిన్నర గడువు అడుగుతారు, అధికారులు ఆరు నెలలంటారు, మధ్యలో ఎక్కడో తెగుతుంది. హామీగా బ్యాంక్ గ్యారంటీ తీసుకుంటారు.

నేను కూర్చున్న హియరింగుల్లో రెండు బాగా గుర్తున్నాయి. ఒకదాంట్లో అధికారి మహా ఖచ్చితమైన మనిషి. ఊరికే ‘పొగ లాగే సిస్టం పెట్టాలి’ అని రాయలేదు. ఫలానా తేదీకి పర్చేజ్ ఆర్డర్ కాపీ, ఫలానా తేదీకి పునాది ఫొటోలు, ఫలానా తేదీకి ట్రయల్ రన్ అని విడగొట్టి, ఒక్కో మెట్టుకు బ్యాంక్ గ్యారంటీలో ఇంత భాగమని ముడిపెట్టాడు. మా మేనేజ్‌మెంట్‌కు ఎప్పుడూ లేనంత టెన్షన్. పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌వాళ్లు మాకు ఎదురొచ్చి ఫైలు అడగడం అప్పుడే చూశాను. సిస్టం పెట్టారు, కప్పు పొగ కంటికి కనబడేంతగా తగ్గింది. ఇంకొక యూనిట్‌కు వచ్చిన ఆర్డరులో మాత్రం ‘తగు చర్యలు తీసుకొనవలెను’ అని ఉంది. తగు చర్య అంటే వాళ్ల ఉద్దేశంలో షెడ్డుకు కొత్త రేకులు వేయించడం.

రెండు ఆర్డర్లలోనూ ఒకటే లోటు. చివర ‘కాపీ టు’ కింద ఆఫీసుల పేర్లన్నీ ఉన్నాయి, ఫిర్యాదు చేసిన ఊరివాళ్ల పేరు లేదు. వాళ్లలో ఒకాయన బండి మీద మా గేటు దగ్గరికొచ్చి ‘మా కంప్లైంటు ఏటైందండీ?’ అని సెక్యూరిటీని అడుగుతుంటే, ఆర్డర్ కాపీ నా బీరువాలో ఉంది.

2024 ఏప్రిల్ నుంచి జన్ విశ్వాస్ సవరణ వల్ల గాలి చట్టం ఉల్లంఘనలకు చాలావరకు జైలు బదులు 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ వచ్చింది. ఇవి కాక, ఉల్లంఘించిన రోజుల లెక్కన కట్టే పర్యావరణ పరిహారం వేరే ఉంది. డబ్బు కట్టి బయటపడే దారి సులువైన కొద్దీ, గది లోపల రాసుకునే షరతుల మీదే మనం కన్నేయాలి.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: దానంతటదే తెలియదు, అడిగితే తెలుస్తుంది. కేంద్ర పర్యావరణ అనుమతి ఉన్న ప్లాంటైతే ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, అది బహిరంగ పత్రమే. ముందు అది చదవండి. తర్వాత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ‘కాలుష్యం వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఏదో పాత బ్రోషర్ చేతిలో పెడతారు. ఫలానా యూనిట్ ప్రస్తుత సీఎఫ్ఓ (ఫ్యాక్టరీ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి) కాపీ, గత మూడేళ్ల టాస్క్‌ఫోర్స్ మినిట్స్, ఇచ్చిన ఆర్డర్లు, బ్యాంక్ గ్యారంటీ ఎంత, అది వెనక్కిచ్చారా జప్తు చేశారా, ఏ తేదీన అని విడివిడిగా అడగండి. కొత్తగా ఫిర్యాదు రాస్తే మాత్రం చివర ‘దీనిపై ఇచ్చే ప్రతి ఆర్డరు కాపీ నాకు పంపగలరు’ అని ఒక లైను చేర్చి, స్పీడ్ పోస్టులోనే పంపండి.