పిచ్చిమొక్కల చదువు కాదండీ అది

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బోటనీ ఆఖరి ఏడాది. పప్పుజాతి పొదల ప్లాస్టిడ్ జీనోమ్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. పిచ్చిమొక్కల చదువెందుకు, ఆరు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది కదా అన్నాను. ఏది మంచిది?
- ఒక తండ్రి, అమలాపురం

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ టెన్షన్ వేరు. ఇంకా ఐదేళ్లు చదివితే ఖర్చెవరు పెడతారు, పెళ్లెప్పుడు అని. ఇదే భయంతో ఎంతోమంది నాకు రాస్తుంటారు. సైన్స్ పరిశోధనకు జాతీయ స్థాయిలో పెట్టే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తారు. అమ్మాయి మీకు భారం కాదు. పెళ్లికి పీహెచ్‌డీ అడ్డమూ కాదు.

దమ్ముకు ముందు మీరు కలియదున్నే జీలుగ, గట్టు మీది కంది, ఇసుక నేలలో మొలిచే వెంపలి, అన్నీ చిక్కుడు కుటుంబానివే. వాటిలో ఏది దేనికి దగ్గర చుట్టమో ఆకూ పువ్వూ చూసి ప్రతిసారీ తేల్చలేం. మొక్కకు ఆకుపచ్చదనమిచ్చే ప్లాస్టిడ్‌లో సొంత డీఎన్ఏ ఉంటుంది, దాదాపు లక్షన్నర అక్షరాలు. మీ అమ్మాయి చదువుతానంటున్న ప్లాస్టిడ్ జీనోమ్ అదే. అది మెల్లగా మారుతుంది కాబట్టి పాత చుట్టరికాలు అందులో దొరుకుతాయి. శనగ, బఠాణీ, మెంతి ఉన్న గుంపులో మామూలుగా మొక్కల్లో ఉండే సుమారు 25,000 అక్షరాల జంట ముక్కల్లో ఒకటి లేదు. వాటన్నిటిదీ ఒకే కొమ్మ అనడానికి అదొక గట్టి ఆధారం.

అయితే ఇప్పుడు జీనోమ్ పేరు చెబితే చాలు, పిల్లలు ఎగబడుతున్నారు. అది నాకు నచ్చడం లేదు. ఒక మొక్క ప్లాస్టిడ్ జీనోమ్ చదవడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు. పైగా అది ఎక్కువ మొక్కల్లో తల్లి వైపు నుంచే వస్తుంది. రెండు జాతులు కలిసి పుట్టిన మొక్క అయితే సగం కథే చెబుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కణకేంద్రకంలోని డీఎన్ఏ కూడా చూస్తారా అని గైడ్‌ను అడగమనండి. అక్కర్లేదంటే ఇంకో గైడ్‌ను వెతుక్కోవడం మేలు.

డీఎన్ఏ లెక్కలు కంప్యూటర్‌లో చేయడం నేర్పే ఆ ఆరు నెలల కోర్సు అంటారా? అలాంటి సర్టిఫికెట్లతో నా దగ్గరికి వచ్చిన పిల్లలకు సాఫ్ట్‌వేర్ నడపడం వచ్చు, వచ్చిన ఫలితం తప్పో ఒప్పో చెప్పడం రాదు. మీ అమ్మాయికి మొక్క తెలుసు. కంప్యూటర్ పని పీహెచ్‌డీలో ఎలాగూ నేర్చుకుంటుంది.

ఒక్క మాటకు మాత్రం మిమ్మల్ని తప్పుపడతాను. కోనసీమ కొబ్బరికి తెల్లదోమ పట్టినప్పుడు రైతులంతా అంబాజీపేట పరిశోధన కేంద్రం వైపే చూశారు. అక్కడ పనిచేసేవాళ్లదీ మొక్కల చదువే. కన్నకూతురి ముందు దాన్ని పిచ్చిమొక్కల చదువు అనకూడదండీ.

నెట్ రెండుసార్లు రాయనివ్వండి. జేఆర్ఎఫ్ రాకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి, అప్పుడు ఆ కోర్సు సంగతీ చూద్దాం.