ముసలి కుక్కకు నెయ్యన్నం వద్దంటే అత్తకు కోపం

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పమేరియన్ చింటూకు పదకొండేళ్లు. ఇంట్లో మటన్ చేసిన మర్నాటి నుంచి ఒకటే వాంతులు, అన్నం ముట్టలేదు, ముందుకాళ్లు నేలకు చాచి నడుము పైకెత్తి అట్లాగే ఉండిపోయేవాడు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, రక్తపరీక్ష, స్కానింగ్ చేసి పాంక్రియాటైటిస్ అన్నారు. ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం, కొంచెం తేరుకున్నాడు. ఏం పెట్టాలన్నా టెన్షనే. మా అత్త ఒక పూట లంఖణం పెట్టమంటుంది, ఇంకో పూట పాపం బక్కచిక్కిపోయాడని తనే నెయ్యన్నం కలిపి పెడుతుంది. వద్దంటే కోపం. ఈ జబ్బు మళ్లీ వస్తుందా? బతికినన్నాళ్లూ మందులు వాడాలా?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు జబ్బు కన్నా ఆ నెయ్యన్నం గిన్నే ఎక్కువ కనిపించింది. మందుల సంగతి మీ డాక్టర్ చూసుకుంటారు, గిన్నె సంగతి మీ ఇంట్లోనే తేలాలి.

పాంక్రియాటైటిస్ అంటే క్లోమం (పాంక్రియాస్) వాపు. క్లోమంలో తయారయ్యే జీర్ణరసాలు పేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. ఈ జబ్బులో అవి గ్రంథిలో ఉండగానే చురుకై ఆ గ్రంథినే అరిగించడం మొదలుపెడతాయి. అందుకే అంత నొప్పి. చింటూ నడుము ఎత్తి నిలబడింది ఆ నొప్పికే. చాలా కుక్కల్లో ఫలానా కారణం అని చెప్పలేం, మటన్ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేం కూడా. ఒళ్లు ఎక్కువగా ఉండటం, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరగడం, షుగరు, థైరాయిడ్ తక్కువగా ఉండటం, ఫిట్స్‌కు వాడే కొన్ని మందులు, ఇవన్నీ తోడవుతాయి. (ఫిట్స్ మందు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, అంతేగానీ మీ అంతట మీరు ఆపేయకండి.) వీటిలో మన చేతిలో రోజూ ఉండేది మాత్రం తిండిలోని కొవ్వు.

లంఖణం పరమౌషధం అనే మాట దీనికి వద్దు. ఒకప్పుడు మా డాక్టర్లు కూడా క్లోమానికి విశ్రాంతి అని రోజుల తరబడి పస్తు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. వాంతులకు మందు ఇచ్చి, అవి అదుపులోకి రాగానే కొద్దికొద్దిగా తినిపించడమే మంచిది, ఎందుకంటే తిండి తగలకపోతే పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ముసలి కుక్కకు కండ కూడా త్వరగా కరిగిపోతుంది. చింటూ తనంతట తాను ఒక రోజంతా తినకపోతే అది లంఖణం కాదు, డాక్టర్‌కు చూపించాల్సిన లక్షణం.

ఇప్పటికి మెత్తగా ఉడికిన అన్నం, తోలు తీసిన చికెన్ బ్రెస్ట్ ఉడకబెట్టి చిదిమినది, ఉడికిన గుడ్డులో తెల్లసొన (పచ్చసొన వద్దు), కొంచెం గుమ్మడికాయ గుజ్జు. ఉల్లిపాయ, వెల్లుల్లి, మసాలా పడకూడదు. చికెన్ ఉడికిన నీళ్లు పోయాలనుకుంటే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, పైన పేరుకున్న కొవ్వును చెంచాతో తీసేసి పోయండి. రెండు పూటలా గిన్నె నిండా కాకుండా అదే తిండిని నాలుగైదు సార్లుగా పంచండి. సంగటి పెట్టొచ్చా అని మన వైపు అందరూ అడుగుతారు. రాగుల్లో కొవ్వు నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు, కాబట్టి తేరుకున్నాక కొంచెం సంగటి పర్వాలేదు, దాని పక్కన వచ్చే పులుసు, శనక్కాయల చట్నీలతోనే ప్రమాదం. శనక్కాయ గింజల్లో దాదాపు సగం నూనే. ఉగ్గాని బజ్జీలో బజ్జీ ముక్క, కారం దోసె అంచు, పాల మీగడ, పాయాలో మిగిలిన బొక్క, వీటిలో ఏదీ ఇక వాడికి లేదు, పండగైనా సరే.

మాత్ర వేయడానికి చాలామంది వెన్నలోనో కోవాలోనో దాచి పెడతారు. ఒక చేత్తో మందు, ఇంకో చేత్తో జబ్బు ఇచ్చినట్టు. ఇడ్లీ ముక్కలో పెట్టి చూడండి, ఇడ్లీ వద్దనే కుక్కను నేను పెద్దగా చూడలేదు.

ఈ ఇంటి వంట కొన్నాళ్లకైతే సరే. నెలల తరబడి ఇదే పెడితే కాల్షియం, విటమిన్లు చాలవు. అప్పుడు మీ డాక్టర్‌తో మాట్లాడి సప్లిమెంట్లు కలపాలి, లేదా ఈ జబ్బుకని తయారుచేసిన తిండి కొనాలి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద సీనియర్ అనో గ్యాస్ట్రో అనో ఉంటే చాలదు, లో ఫ్యాట్ అని విడిగా ఉండాలి. డబ్బాలో వచ్చే తడి తిండి దగ్గర ఇంకో మోసం: కొవ్వు 4 శాతమే అని ఉంటుంది, కానీ అందులో 80 శాతం నీళ్లే, మిగిలిన 20 పాళ్లలో 4 అంటే లెక్కకు 20 శాతం కొవ్వు. పొడి లెక్కన పదికి అటూ ఇటూ ఉంటేనే తక్కువ కొవ్వు కింద చూస్తాం.

ఇక అత్తగారు. ఆమెకు వద్దు అని చెప్పకండి, పని చెప్పండి. పొద్దున్నే చింటూ రోజు వాటా చికెన్‌లోంచి కొన్ని ముక్కలు తీసి ఆమె చేతికిచ్చి, ఎప్పుడు ముద్దొస్తే అప్పుడు పెట్టుకో అత్తా అనండి. పెద్దవాళ్లకు కుక్క కడుపు నింపడం కన్నా అది తమ చేతి నుంచి తినడం ముఖ్యం. నెయ్యి డబ్బా మాత్రం పైఅరలో పెట్టండి, నమ్మకం నమ్మకమే, జాగ్రత్త జాగ్రత్తే.

మళ్లీ రావచ్చు, రాకపోనూ వచ్చు. బతికినన్నాళ్లూ ఉండేది ఎక్కువ మందికి మందులు కాదు, పత్యం. యాంటీబయాటిక్ రాయలేదేమని కొందరు అడుగుతారు, ఇది చాలావరకు సూక్ష్మజీవుల వల్ల వచ్చే వాపు కాదు కాబట్టి మామూలుగా అవసరం ఉండదు. తేరుకున్నాక పన్నెండు గంటలు తిండి ఆపి ట్రైగ్లిజరైడ్లు, షుగరు ఒకసారి చూపించండి. చింటూ నీళ్లు విపరీతంగా తాగి మాటిమాటికీ మూత్రానికి పోతుంటే షుగరేమో అనుకోవాలి. బాగా తింటూనే చిక్కిపోతూ, జిడ్డుగా, పాలిపోయిన రంగులో కుప్పలుగా విరేచనం అవుతుంటే క్లోమం రసాలు ఊరడం తగ్గిందని అనుమానం, దానికి తిండిలో కలిపే ఎంజైమ్ పొడి ఉంది.

మన ఎండల్లో ఇలాంటి కుక్కకు నీళ్లు తగ్గకూడదు, రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టండి. నొప్పి అనిపించినా ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేయకండి, కుక్కకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, లేవలేక పడుకున్నా తెల్లారేదాకా ఆగకండి. మీకు దగ్గరలో స్కానింగ్, పాంక్రియాటిక్ లైపేజ్ పరీక్ష (క్లోమం వాపును పట్టే రక్తపరీక్ష) లేకపోతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో అడిగి చూడండి, మామూలు అమైలేజ్ రక్తపరీక్ష రిపోర్ట్ ఒక్కటి పట్టుకుని ఈ జబ్బు ఉందనో లేదనో తేల్చలేం.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల లాబ్రడార్ నెయ్యి వేసి కాల్చిన ఓళిగలు (బొబ్బట్లు) ఒక తట్ట ఖాళీ చేసింది. ఇప్పటికి బాగానే ఉంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించమంటున్నారు, చేయాలా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చేయొద్దు. ఉప్పునీళ్లతో రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వచ్చి చనిపోయిన కుక్కలున్నాయి. ఓళిగల్లో ఎండుద్రాక్ష ఏమైనా ఉంటే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి, అది కిడ్నీలకు విషం, అక్కడ గంటలే లెక్క. లేకపోతే తక్కువ కొవ్వు తిండి పెడుతూ మూడు నాలుగు రోజులు గమనించండి. పైన చెప్పిన వాంతులు, నడుము ఎత్తి నిలబడటం, తిండి మానేయడం కనిపిస్తే తీసుకెళ్లి, ఓళిగల సంగతి ముందే చెప్పండి. సిగ్గుపడి దాచేవాళ్లు చాలామంది.